పాత ఎయిర్‌కూల్డ్ ఔట్‌బోర్డ్ మోటార్ వేడెక్కి ఆగిపోతోందా? కవర్ తీసి మాత్రం నడపకండి

నమస్కారం. ఇవాళ బల్ల మీద ఉన్నది పాత ఎయిర్‌కూల్డ్ ఔట్‌బోర్డ్, అంటే పడవ వెనక బిగించే, గాలితో చల్లబడే మోటార్. ఒకటే సిలిండర్, టూ స్ట్రోక్, 5 హార్స్‌పవర్. ఎస్కా కంపెనీ టెకుమ్సే ఇంజిన్ బిగించి అమ్మిన రకం. సియర్స్ వాళ్ళు గేమ్‌ఫిషర్, టెడ్ విలియమ్స్ పేర్లతో అమ్మినవాటిలోనూ ఇలాంటివి చాలా ఉన్నాయి. క్లింటన్ ఎయిర్‌కూల్డ్ ఉన్నవాళ్ళకి కూడా ఇప్పుడు చెప్పేది దాదాపు అంతా పనికొస్తుంది.

వీటి మీద వచ్చే ఫిర్యాదు ఒకటే. పది పదిహేను నిమిషాలు శుభ్రంగా లాగుతుంది, తర్వాత బలం తగ్గుతుంది, ఆగిపోతుంది. అరగంట వదిలేస్తే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. అందరూ "వేడెక్కింది" అనేస్తారు. నిజంగా వేడేనా అన్నది ముందు తేల్చుకోవాలి, లేకపోతే బాగున్న ఇంజిన్ ఊరికే విప్పినట్టవుతుంది.

మోటార్ ఆగిన ఆ నిమిషంలోనే మూడు చూడండి. ట్యాంక్ మూత వదులు చేయండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, వెంటనే స్టార్ట్ అయిందంటే మూతలో గాలి రంధ్రం పూడిపోయింది, అంతే. కాకపోతే ప్లగ్ తీగకి స్పార్క్ టెస్టర్ పెట్టి తాడు లాగండి. వేడిగా ఉన్నప్పుడు స్పార్క్ లేదు, చల్లారాక వచ్చింది అంటే కాయిల్‌నో కండెన్సర్‌నో అనుమానించాలి. ఈ రెండూ బాగున్నాయి, కానీ తాడు మామూలుకంటే బిగువుగా వస్తోంది అనిపిస్తే అది అసలైన వేడి. పిస్టన్ పెరిగి సిలిండర్‌ని పట్టుకుంటోంది. ఇక లాగొద్దు. నీళ్ళు అసలే పోయొద్దు, కాలిన అల్యూమినియం మీద చన్నీళ్ళు పడితే పగులు రావచ్చు. దానంతట అదే చల్లారనివ్వండి.

వేడి కొలవడానికి చాలామంది ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడుతున్నారు. మెరిసే అల్యూమినియం మీద అది ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తుంది. ఇదిగో, హెడ్ మీద రూపాయి బిళ్ళంత చోట వేడి తట్టుకునే నల్ల మ్యాట్ పెయింట్ కొట్టాను. పక్కనే ఉన్న మెరుపు చోట ఒక అంకె, ఈ నల్ల మచ్చ మీద ఇంకో అంకె. నమ్మాల్సింది నల్ల మచ్చని. ఇంకా మంచిది ప్లగ్ కింద వాషర్‌లా కూర్చునే థర్మోకపుల్, అంటే వేడి కొలిచే తీగ. ప్లగ్ కింద 150 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటే నేను కంగారు పడను. 230 దాటి ఇంకా పైకి పోతుంటే వెంటనే ఆపేయాలి.

ఇప్పుడు అసలు విషయం, గాలి దారి. ఇలాంటి మోటార్‌కి ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) మీద ఉన్న రెక్కలే ఫ్యాన్. పైన స్టార్టర్ జల్లెడలోంచి గాలిని పీల్చి, ఈ రేకు కవర్ లోపలికి తోస్తాయి. కవర్ ఆ గాలిని తిప్పి సిలిండర్ ఫిన్ల (వేడి బయటికి పోవడానికి సిలిండర్ చుట్టూ ఉండే పల్చటి అంచులు) సందుల్లోంచి బలవంతంగా పంపిస్తుంది. కవర్ తీసేస్తే గాలి బాగా తగులుతుందని అనుకోవడం పూర్తిగా తప్పు. కవర్ లేకపోతే ఫ్యాన్ గాలి చుట్టూ చెదిరిపోతుంది, ఫిన్లకి ఏమీ అందదు. కవర్ లేకుండా రెండు నిమిషాల ట్రయల్ కూడా వద్దు.

కెమెరా ఇంకొంచెం దగ్గరికి. సిలిండర్ కింద ఈ చిన్న రేకు చూశారా? అరచేతిలో సగం కూడా లేదు, రెండు స్క్రూలు. ఎవరో ఒకసారి కార్బురేటర్ పని చేసి దీన్ని పెట్టడం మర్చిపోతారు. ఇది లేకపోతే గాలి సులువైన దారి చూసుకుని కిందినుంచి జారిపోతుంది. హెడ్ చివర, ఎగ్జాస్ట్ పక్కన ఉన్న ఫిన్లు ఎండిపోయినట్టు ఉండిపోతాయి. ఎక్కువ కాలేది కూడా అక్కడే. రేకు పోయి ఉంటే పల్చటి రేకు కత్తిరించి, ఫిన్లకి 3 మిల్లీమీటర్ల దూరంలో నిలిచేలా చేసుకోవచ్చు.

కవర్ విప్పాక ఫిన్ల మధ్య టార్చ్ వేయండి. కందిరీగలు కట్టిన మట్టి గూళ్ళు, ఎండు గడ్డి, ఆయిల్‌తో కలిసి గట్టిపడిన దుమ్ము, ఇవన్నీ కనిపిస్తాయి. కిరోసిన్ పూసి, నానబెట్టి, వెదురు పుల్లతో గీకండి. ఇనుప బ్రష్ వద్దు. వంకర పోయిన ఫిన్ని సరిచేయాలని చూడకండి, పోత అల్యూమినియం పుటుక్కున విరుగుతుంది. అందంగా ఉండాలని రెండు మూడు పూతలు ఇనామిల్ కొట్టి ఉంటే అదీ గీకేయాలి, మందపాటి రంగు వేడిని పోనివ్వదు.

గాలి దారి బాగుండి కూడా వేడెక్కుతోందంటే పెట్రోల్ వైపు వెళ్ళాలి. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే మంట వేడి పెరుగుతుంది. టూ స్ట్రోక్‌లో పెట్రోల్‌తోనే ఆయిల్ కూడా వస్తుంది కాబట్టి జారుడూ తగ్గుతుంది. దీని గుర్తు ఏంటంటే, యాక్సిలరేటర్ మూసినా ఇంజిన్ వెంటనే దిగదు, కాసేపు దానంతట అదే అరుస్తుంది. అప్పుడు జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) కన్నా ముందు, గాలి లోపలికి దూరే లీకు వెతకండి. కార్బురేటర్ గ్యాస్కెట్, రీడ్ ప్లేట్ గ్యాస్కెట్, ఫ్లైవీల్ కింద ఉండే పై సీలు, కింది సీలు. ప్రెషర్ టెస్ట్ ఇలా: పిస్టన్ని పూర్తిగా కిందికి దింపి, ఇన్‌లెట్‌నీ ఎగ్జాస్ట్‌నీ రబ్బరు పెట్టి మూసి, ప్లగ్ రంధ్రంలోంచి 6 పీఎస్ఐ గాలి పట్టండి. ప్రెషర్ గేజ్ సూది నిలవాలి. దిగుతుంటే అతుకుల మీద సబ్బు నీళ్ళు. తర్వాత వాక్యూమ్ కూడా పెట్టండి, ప్రెషర్‌కి అతుక్కుని కూర్చునే సీలు అంచు, లోపలికి పీల్చినప్పుడు లేచిపోవచ్చు.

లీకు లేదని తేలాకే మెయిన్ జెట్. సర్దుకునే సూది ఉన్న రకమైతే వేళ్ళతో మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటి నుంచి ఒకటిన్నర చుట్లు వెనక్కి విప్పండి. అక్కడినుంచి లోడ్ మీద సర్దాలి. ఒక వంతు పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి, 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి సుమారు 14.1 చాలు. అంటే అదే జెట్‌లో మిశ్రమం కొంచెం పలచబడుతుంది. సూది కాస్త ఎక్కువే తెరవాల్సి వస్తుంది.

ఆయిల్ గురించి. మోటార్ మీద 24:1 అని రాసి ఉంటే లీటరు పెట్రోల్‌కి 42 మిల్లీలీటర్లు, 16:1 అయితే 62. "చల్లగా ఉంటుంది" అని ఇంకా ఎక్కువ పోయొద్దు, ఆయిల్ పెరిగినకొద్దీ జెట్‌లోంచి వచ్చే పెట్రోల్ తగ్గుతుంది. రకం విషయంలో టీసీ-డబ్ల్యూ3 అనే ఆయిల్ గ్రేడు నీళ్ళతో చల్లబడే ఇంజిన్లని దృష్టిలో పెట్టుకుని చేసింది. వీటికి నేను వేసేది జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ గ్రేడు టూ స్ట్రోక్ ఆయిల్.

పాయింట్ల (విడిపోయినప్పుడు స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్) గ్యాప్ 0.5 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజ్‌తోనే పెట్టండి. గ్యాప్ ఎక్కువైతే పాయింట్లు ముందే విడిపోతాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది, వేడి పెరుగుతుంది. ప్లగ్ కూడా మోడల్‌కి చెప్పిన హీట్ రేంజిదే వేయాలి.

ఎగ్జాస్ట్ పోర్టులో మసి పేరుకుంటే కాలిన గాలి బయటకు పోలేక అక్కడే తిరుగుతుంది. పిస్టన్ని పూర్తిగా పైకి తెచ్చి పోర్టు మూసుకున్నాక చెక్క పుల్లతో గీకండి, మసి లోపల పడదు. ఇంకో మాట: కొన్ని మోడళ్ళలో ఇంజిన్ ఎయిర్‌కూల్డే అయినా, మోటార్ కాలులో, అంటే నీళ్ళలోకి దిగే కింది భాగంలో, చిన్న వాటర్ పంపు ఉంటుంది. అది ఎగ్జాస్ట్‌ని చల్లబరచడానికి. దాని ఇంపెల్లర్ (నీళ్ళు తోసే రబ్బరు చక్రం) గట్టిపడితే ఆ భాగం ముట్టుకోలేనంత వేడెక్కుతుంది.

నీళ్ళ డ్రమ్ములో పెట్టి పరీక్షించేటప్పుడు మోసపోవద్దు. పొగ పైకి వచ్చి ఫ్యాన్‌లోకీ కార్బురేటర్‌లోకీ పోతుంది, మంచి మోటార్ కూడా ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఆరుబయట, చిన్న ట్రయల్ వరకే. అసలు పరీక్ష పడవ మీదే. అక్కడ గమనించాల్సింది ఏంటంటే, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి ఉండి ఇంజిన్ మెల్లగా తిరగడమే వీటికి అన్నిటికంటే ప్రమాదం. మంట పూర్తిగా ఉంటుంది, ఫ్యాన్ మాత్రం నెమ్మది. ప్రొపెల్లర్‌కి నాచు చుట్టుకున్నా, దాని రెక్కల వాలు (పిచ్) ఎక్కువున్నా, పడవలో బరువు ఎక్కువైనా జరిగేది ఇదే.

ఇలాంటి మోటార్ కొనొచ్చా అంటే, కొనొచ్చు. చిన్న పడవకి, మెల్లగా తిరగడానికి, బాగుచేయడం తేలికైన మోటార్ ఇది. చప్పుడు మాత్రం ఎక్కువే. కొనేముందు స్టార్టర్ జల్లెడలోంచి టార్చ్ వేసి ఫ్లైవీల్ రెక్కలు లెక్కపెట్టండి. రేకు పోతే చేసుకోవచ్చు, గ్యాస్కెట్ పోతే కత్తిరించుకోవచ్చు. ఫ్లైవీల్ రెక్క ఒక్కటి విరిగి ఉన్నా, సరిపోయే ఫ్లైవీల్ చేతికొచ్చేదాకా ఆ మోటార్‌కి డబ్బు ఇవ్వకండి.