లెక్క తేల్చి మాట్లాడిన విప్లవకారుడు – పుచ్చలపల్లి సుందరయ్య

శ్రోతలకు నమస్కారం.

సుందరయ్య గారి పేరు చెప్పగానే పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన సభ్యుడిగా ఆయనను తలుచుకోవడం మనకు అలవాటు. ఆ నిరాడంబరత నిజమే గాని, దాని చాటున మరుగునపడిన మరొక గుణం గురించి ఈ పూట మాట్లాడతాను. ప్రజల బతుకును ఆయన లెక్కలతో సహా తెలుసుకునేవారు.

1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో, భూవసతి గల ఇంట పుట్టారు. అసలు పేరు సుందరరామిరెడ్డి. చివరనున్న కులనామాన్ని తానే వదులుకున్నారు. 1930లో మద్రాసు లయోలా కళాశాల చదువు విడిచి సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళిన ఆ యువకుడు, తరువాత కమ్యూనిస్టు నాయకుడు అమీర్ హైదర్ ఖాన్ ప్రభావంతో కమ్యూనిస్టు అయ్యారు. స్వగ్రామంలో వ్యవసాయ కూలీలను కూడగట్టడమంటే సొంతవారితోనే తగవు పెట్టుకోవడం. అందుకూ ఆయన వెనుకాడలేదు. 1943లో లీల గారిని వివాహమాడి, ఉద్యమానికి అడ్డు రాకూడదని సంతానమే వద్దనుకున్నారు.

1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాట నాయకులలో ఆయన ఒకరు. 1972లో ఆ పోరాట చరిత్రను గ్రంథంగా రాసినప్పుడు, సుమారు 3,000 గ్రామాలలో ప్రజాపాలన నడిచిందనీ, 10 లక్షల ఎకరాలు పంచారనీ, 4,000 మంది వరకు ప్రాణాలు కోల్పోయారనీ నమోదు చేశారు. 1948లో భారత సైన్యం వచ్చాక కూడా తుపాకి దించకపోవడం సబబా అన్న వాదం కమ్యూనిస్టులలోనే నేటికీ తెగలేదు. దక్కిన భూమిని కాపాడుకోవడానికి పోరు తప్పలేదన్నది సుందరయ్య గారి పక్షం. ఆయనతో ఏకీభవించనివారికి సైతం ఆ గ్రంథం ఆధారమే.

1964లో మార్క్సిస్టు పార్టీకి తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. అత్యవసర పరిస్థితి కాలంలో జనసంఘ్‌తో కలిసి నడవడాన్ని వ్యతిరేకించి ఆ పదవిని వదులుకున్నారు. అంతటి పదవిని విధానం కోసం విడిచినవారు మన రాజకీయాలలో ఎక్కువమంది లేరు.

నాకు మరీ ముఖ్యంగా తోచేది 1970ల నాటి గ్రామ సర్వే. పార్టీకి అఖిలభారత నాయకుడై ఉండి కూడా, గుంటూరు జిల్లా అనంతవరంలో ఏ ఇంటికి ఎంత భూమి ఉంది, ఎవరు కూలికి పోతున్నారు, ఎవరు కూలీలను పెట్టుకుంటున్నారు అన్న వివరాలు సేకరింపజేశారు. రైతులందరూ ఒక్కటేనని సభలలో అనడం సులువు; ధనిక రైతుకూ పేద రైతుకూ మధ్య దూరం ఎంతో ఇటువంటి పట్టికలే చెబుతాయి. ఆ ఫలితాలను 1977లో వ్యాసంగా ప్రచురించారు.

1985 మే 19న ఆయన కన్నుమూశారు. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరిట వెలసిన విజ్ఞాన కేంద్రం నేటికీ నడుస్తోంది. సర్వే జరిగిన మూడు దశాబ్దాలకు, 2005లో, వ్యవసాయ ఆర్థిక పరిశోధకులు అదే అనంతవరానికి వెళ్ళి ఇంటింటి లెక్క మళ్ళీ తీశారు.