డాట్సన్ 240జెడ్ స్టీరింగ్: ఏ పార్టు మారిస్తే ఎంత తేడా వచ్చింది?

నమస్కారం అండీ. నా వెనక ఉన్నది డాట్సన్ 240జెడ్. జపాన్‌లో 1969లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో మొదలైన కుటుంబం ఇది. పొడుగాటి బానెట్, దాని కింద ఆరు సిలిండర్ల 2.4 లీటర్ల ఇంజిను, బరువు టన్ను పైన కాస్త. పవర్ స్టీరింగ్ లేదు, ఉన్నది మామూలు ర్యాక్ అండ్ పినియన్, అంటే స్టీరింగ్ తిప్పితే చిన్న పళ్ల చక్రం ఒక పళ్ల కడ్డీని (ర్యాక్) పక్కకి జరుపుతుంది. ఈ కారులో టైరు కింద చిన్న రాయి పడినా అరచేతికి తెలియాలి. నాకు తెలియడం మానేసింది. తిన్నటి రోడ్డు మీద కూడా స్టీరింగ్‌ని అటోసారి ఇటోసారి సర్దుతూనే ఉండాల్సి వచ్చేది.

అందుకే టై రాడ్ ఎండ్‌లు (ర్యాక్‌ని చక్రాలకి కలిపే కడ్డీల చివరి కీళ్లు), ర్యాక్ బుష్‌లు (ర్యాక్‌ని కారుకి బిగించే చోట ఉండే తొడుగులు), స్టీరింగ్ కప్లింగ్ మార్చాను. అన్నీ నా డబ్బుతో కొన్నవే. ఒకేసారి బిగించలేదు. ఒక్కోటీ వేసి, కారు నడిపి చూసి, అప్పుడు రెండోది పట్టుకున్నాను. ఏది ఎంత పనిచేసిందో తెలియాలంటే అదొక్కటే దారి.

కొనే ముందు మీరు ఈ పరీక్ష చేయండి. చక్రాలు నేల మీదే ఉండాలి, ఇంజిను ఆపేయాలి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా కదుపుతుంటే, మీరు టార్చి వేసి ర్యాక్ వైపు చూడండి. నా కారులో ఏం కనిపించిందంటే, స్టీరింగ్ తిప్పగానే ముందు ర్యాక్ గొట్టమే పక్కకి జరుగుతోంది! రబ్బరు బుష్ నలిగి, ఇక నలగడానికి చోటు లేనప్పుడు గానీ చక్రం కదలడం లేదు. ఆ తర్వాత కారుని జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాన్ని గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట పట్టుకుని ఊపాను. టక్ టక్ మంది. అది టై రాడ్ ఎండ్. పన్నెండు, ఆరు దగ్గర ఊగితే మాత్రం వీల్ బేరింగ్‌నో, కింది బాల్ జాయింట్‌నో అనుమానించాలి.

టై రాడ్ ఎండ్‌ల గురించి ఎక్కువ చెప్పను. లూజైతే మార్చాల్సిందే, అది ప్రాణాల సంగతి. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించండి. అయినా అలైన్‌మెంట్ చేయించక తప్పదు. నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ పాతది మళ్లీ వాడకండి. ఇవి వేశాక టక్ టక్ పోయింది, కానీ స్టీరింగ్ తిప్పినా చక్రం ఆలస్యంగా కదిలే ఆ మెత్తదనం మాత్రం అలాగే ఉంది.

అసలు మార్పు పాలీయురెథేన్ ర్యాక్ బుష్‌లతో వచ్చింది. రబ్బరు కన్నా గట్టి పదార్థం, ర్యాక్‌ని కదలనివ్వదు. బిగించడం కొంచెం ఓపిక పని. నాకొచ్చినవి కాస్త మందంగా ఉండటంతో క్లాంప్ బోల్టులు మొదట అందలేదు. ఒకవైపు పూర్తిగా బిగించేయకండి, రెండు వైపులా మార్చి మార్చి కొంచెం కొంచెం తిప్పుతూ రండి. లోపల సిలికాన్ గ్రీజు రాయండి, లేకపోతే కీచుమంటాయి. మొదటి మలుపులోనే నాకు నవ్వొచ్చేసింది. నేను చెయ్యి తిప్పిన క్షణానే కారు ముక్కు తిరిగింది. ఈ మూడింట్లో ఒక్కటే కొనగలిగితే, టై రాడ్‌లు బాగుంటే, కళ్లు మూసుకుని ఇదే కొనండి.

ఇక కప్లింగ్. స్టీరింగ్ షాఫ్ట్ మధ్యలో ఉండే రబ్బరు బిళ్ల ఇది. నాది ఎండిపోయి పగుళ్లిచ్చింది. పాలీయురెథేన్‌ది వేశాను. తేడా ఉంది, కానీ బుష్‌లంత కాదు. అల్యూమినియంతో చేసినవీ దొరుకుతాయి. రేస్ ట్రాక్ కారుకైతే సరే, రోడ్డు మీద మాత్రం వద్దంటాను. రోడ్డు మీది ప్రతి అదురూ నేరుగా మణికట్టుకి వస్తుంది, షాఫ్ట్ కాస్త వంకరగా కూర్చున్నా సర్దుకునే గుణం దానికి లేదు.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను, మీరు చేయకండి. కప్లింగ్ మార్చాక హారన్ మోగలేదు. ఫ్యూజులు, రిలే అన్నీ వెతికాను. చివరికి తేలిందేమిటంటే, నా కారులో హారన్‌కి ఎర్త్ ఈ కప్లింగ్ మీదుగా వెళ్లే చిన్న వైరు ద్వారా అందుతుంది. దాన్ని తిరిగి కలపడం మర్చిపోయాను. విప్పే ముందు ఫొటో తీసి పెట్టుకోండి.

ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కిట్ పెట్టమని కొందరు అడిగారు. భుజాల నొప్పులున్నవాళ్లకి అది వరమే, కాదనను. నాకైతే అక్కర్లేదనిపించింది. ఈ కారుకి ఫ్యాక్టరీ ఇచ్చిన టైరు వెడల్పు 175 మిల్లీమీటర్లే. పార్కింగ్‌లో స్టీరింగ్ మరీ బరువుగా ఉందంటే, ముందు మీ టైర్ల వెడల్పు, గాలి చూడండి.

ఇదిగో, ఇప్పుడు నడుపుతున్నాను. రెండు చేతులూ కదలకుండా ఉన్నాయి చూడండి, కారు తిన్నగా పోతోంది. ఆ ముందున్న రోడ్డు అతుకు మీదికి ఎక్కుతున్నా... తెలిసింది. ఎడమ చక్రం ముందు, కుడి చక్రం తర్వాత.