ఐ-864 మీద ఆర్‌ఎఫ్‌ఈ వచ్చిందా? ముందు ఆ ఉత్తరం సరిగ్గా చదవండి

[కెమెరా ముందు కూర్చుని. చేతిలో ఒక కవరు.]

నమస్తే అండీ. అమెరికాలో పెళ్లి మీద గ్రీన్ కార్డుకి అప్లై చేశాక రోజుకి నాలుగుసార్లు కేస్ స్టేటస్ చూడటం అలవాటైపోతుంది. ఒకరోజు పొద్దున్నే అది మారిపోతుంది. మరిన్ని ఆధారాలు కావాలంటూ ఉత్తరం పంపామని ఇమిగ్రేషన్ శాఖ (యూఎస్‌సీఐఎస్) చెబుతుంది. దాన్నే ఆర్‌ఎఫ్‌ఈ, అంటే రిక్వెస్ట్ ఫర్ ఎవిడెన్స్ అంటారు. ఆ ఉత్తరం ఇంటికి చేరేదాకా ఏం అడిగారో తెలీదు, నిద్ర పట్టదు.

మాకూ అలాగే అయింది. మా పెళ్లి నిజమైనదో కాదో అని అనుమానపడ్డారేమో అనుకుని నేను ఆల్బమ్‌లన్నీ బయటికి తీశాను. తలంబ్రాల ఫొటోలు కూడా. తీరా ఉత్తరం వస్తే అందులో పెళ్లి ఊసే లేదు. అడిగింది మా ఆయన డబ్ల్యూ-2, అంటే ఏడాది జీతం చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం!

[స్క్రీన్ మీద: ఐ-864, అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్]

మన కేసుల్లో ఎక్కువ టెన్షన్ పెట్టే ఫారం ఇదే. భర్తనో భార్యనో పిలిపించుకునేవాళ్లు, అంటే పిటిషనర్, 'ఈ మనిషి ప్రభుత్వం మీద ఆధారపడకుండా నేను చూసుకుంటాను' అని సంతకం పెట్టే ఒప్పందం. ఆదాయం పావర్టీ గైడ్‌లైన్స్‌లో, అంటే ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరికపు గీతలో, 125 శాతం ఉండాలి. పిటిషనర్ మిలిటరీలో యాక్టివ్ డ్యూటీలో ఉంటే 100 శాతం చాలు. 2025 పట్టిక ప్రకారం ఇద్దరున్న ఇంటికి 26,437 డాలర్లు, ముగ్గురికి 33,312, నలుగురికి 40,187. అలాస్కా, హవాయీలకు లెక్క వేరు. ఈ అంకెలు ఏటా మారతాయి కాబట్టి ఐ-864పీ అనే పేజీలో కొత్తవి చూసుకోండి.

ఇప్పుడు ఉత్తరం సంగతి. మూడు నాలుగు పేజీలుంటుంది, చదివితే ప్రపంచంలో ఉన్న కాగితాలన్నీ అడిగినట్టు ఉంటుంది. అందులో సగానికి పైగా అందరికీ ఒకేలా పంపే మాటలే. మీ కేసు చూసి ఆఫీసర్ రాసింది ఎక్కడో ఒక పేరాలో, రెండు మూడు వాక్యాల్లో ఉంటుంది. 'మీరు ఇచ్చిన దాంట్లో ఫలానాది లేదు' అనో, 'మీ ఆదాయం మీ కుటుంబ సంఖ్యకు సరిపోలేదు' అనో. పెన్సిల్ తీసుకుని ఆ వాక్యాల కింద గీత గీయండి. మీరు జవాబు చెప్పాల్సింది దానికి.

ఇంకో రెండు విషయాలు. గడువు గరిష్ఠంగా 84 రోజులు, పొడిగింపు ఉండదు. ఉత్తరంలో ఏ తేదీ వేశారో ఆ తేదీకల్లా మీ జవాబు వాళ్లకు అందాలి. ఆ రోజు పోస్టులో వేస్తే సరిపోదు. రెండోది ఇంకా ముఖ్యం: జవాబు ఒక్కసారే పంపాలి. ఈ వారం సగం, మిగతాది వచ్చాక పంపిద్దాం అనుకుంటే కుదరదు. మొదటి విడత అందగానే 'ఉన్నదాంతో నిర్ణయం తీసుకోండి' అని మీరే చెప్పినట్టు లెక్క.

[స్క్రీన్ మీద: ఆదాయం కాగితాలు]

ఎక్కువ ఉత్తరాలు ఇక్కడే పుడతాయి. ఫెడరల్ టాక్స్ రిటర్న్ పెడతారు గానీ దాంతోపాటు డబ్ల్యూ-2లు, 1099లు (జీతం కాని ఆదాయం చూపే కాగితాలు), షెడ్యూళ్లు (రిటర్న్‌కి జత చేసే పేజీలు) పెట్టరు. లేదా స్టేట్ రిటర్న్ పెడతారు. అది వాళ్లకు అక్కర్లేదు. దీనికి సులువైన మందు టాక్స్ రిటర్న్ ట్రాన్‌స్క్రిప్ట్, అంటే ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఇచ్చే మీ రిటర్న్ సారాంశం. ఐఆర్ఎస్ సైటులో అకౌంట్ తెరిస్తే ఉచితంగా వస్తుంది. కానీ భార్యాభర్తలు కలిపి జాయింట్‌గా ఫైల్ చేసినవాళ్లు డబ్ల్యూ-2లు కూడా పెట్టాలి. లేకపోతే ఆ మొత్తంలో పిటిషనర్ సంపాదన ఎంతో ఆఫీసర్‌కి ఎలా తెలుస్తుంది?

పోయినేడాది ఆదాయం తక్కువే, ఈ ఏడాది మంచి ఉద్యోగం వచ్చింది అనుకోండి. భయం లేదు, ఇప్పటి ఆదాయం చూపించవచ్చు. ఎప్పుడు చేరారో, జీతం ఎంతో రాసిన కంపెనీ ఉత్తరం, ఆరు నెలల పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు) పెట్టండి. చేరి ఆరు నెలలు కాకపోతే ఉన్నవే పెట్టండి.

సొంత వ్యాపారం ఉన్నవాళ్లకు మాత్రం కష్టమే. గ్యాస్ స్టేషన్ మీద లక్షల డాలర్ల అమ్మకాలు జరిగినా ఆఫీసర్ చూసేది 1040లో (ఫెడరల్ టాక్స్ రిటర్న్ ఫారం) ఖర్చులన్నీ పోగా మిగిలిన టోటల్ ఇన్‌కమ్. టాక్స్ తగ్గించిపెట్టిన సీపీఏ (అకౌంటెంట్) గారిని అప్పుడు ఎంత మెచ్చుకున్నామో, ఇప్పుడు అంత తిట్టుకుంటాం.

[స్క్రీన్ మీద: ఇంట్లో ఎంతమంది?]

ఇది నాకు చాలా ఇష్టమైన తప్పు, ఎందుకంటే మనవాళ్లే ఎక్కువ చేస్తారు. ఉదాహరణకి డాలస్‌లో ఒకబ్బాయి, సిటిజన్. మూడేళ్ల కింద అమ్మానాన్నల్ని స్పాన్సర్ చేసి గ్రీన్ కార్డులు తెప్పించాడు. ఇప్పుడు పెళ్లి చేసుకున్నాడు. ఫారంలో 'నేను, నా భార్య, ఇద్దరం' అని రాశాడు. జీతం 34,000 డాలర్లు, ఇద్దరికి హాయిగా సరిపోతుంది. కానీ అమ్మానాన్నలకి అతను పెట్టిన ఐ-864 ఇంకా అమల్లోనే ఉంది. కాబట్టి లెక్క నలుగురు. కావాల్సింది 40,187. తక్కువైంది 6,187. వాళ్లు విజయవాడలోనే ఎక్కువ రోజులు ఉంటున్నారని అనుకుని వదిలేస్తే లాభం లేదు.

ఆ తక్కువైంది ఆస్తులతో పూడ్చవచ్చు. పిటిషనర్ సిటిజన్ అయి, భార్యనో భర్తనో పిలిపించుకుంటుంటే తక్కువైన దానికి మూడు రెట్లు చూపించాలి, మన ఉదాహరణలో 18,561 డాలర్లు. గ్రీన్ కార్డ్ హోల్డర్ అయితే ఐదు రెట్లు. ఏడాదిలోపు డబ్బుగా మార్చుకోగలిగేది కావాలి. ఇండియాలో ఉన్న ఫ్లాటో పొలమో చూపిస్తామంటే ఎవరి పేరున ఉంది, ఎప్పుడు కొన్నారు, విలువ ఎంత, అప్పులున్నాయా, ఆ డబ్బు అమెరికాకు తేవచ్చా, అన్నిటికీ కాగితం కావాలి. దస్తావేజు, ఈసీ, వాల్యుయేషన్ రిపోర్టు. తెలుగులో ఉన్నవి పూర్తిగా ఇంగ్లీషులోకి మార్పించి, అనువాదకుడి సంతకంతో ధ్రువీకరణ జత చేయాలి. నా మాట అడిగితే పొలం దాకా వెళ్లకండి. బ్యాంకులో డబ్బుంటే అది చూపించండి, లేకపోతే జాయింట్ స్పాన్సర్‌ని, అంటే మీకోసం ఇంకో ఐ-864 మీద సంతకం పెట్టే మనిషిని, వెతకండి.

[కెమెరాకి కాస్త దగ్గరగా]

జాయింట్ స్పాన్సర్. ఇక్కడ కొంచెం ఆగుదాం. మనకి వెంటనే గుర్తొచ్చేది న్యూజెర్సీలో బాబాయ్. పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నారు, పెద్ద జీతం. కానీ ఇంకా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదే ఉంటే ఆయన సంతకం చెల్లదు. సిటిజనో గ్రీన్ కార్డ్ హోల్డరో అయి ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, అమెరికాలో నివాసం ఉండాలి. చుట్టరికం అక్కర్లేదు, స్నేహితులైనా సరే.

రెండో అపోహ: పిటిషనర్‌ది కొంచెం, బాబాయ్‌ది కొంచెం కలిపితే సరిపోతుంది అనుకోవడం. జాయింట్ స్పాన్సర్ ఆదాయం ఆయన ఇంటివాళ్లకీ మీకూ కలిపి ఒంటరిగానే సరిపోవాలి. బాబాయ్, పిన్ని, ఇద్దరు పిల్లలు, మీరు: ఐదుగురు, 2025 లెక్కలో 47,062 డాలర్లు. ఆదాయం కలుపుకోవచ్చు అనేది ఒకే ఇంట్లో ఉండే కుటుంబ సభ్యులకి, అన్నయ్యో నాన్నో ఐ-864ఏ అనే ఇంకో ఫారం మీద సంతకం పెడితే. ఇక జాయింట్ స్పాన్సర్ దొరికాడు కదా అని పిటిషనర్ తన ఐ-864 మానేయకూడదు. ఆదాయం సున్నా అయినా తనది తను పెట్టాల్సిందే.

మూడోది, ఫోన్లో చెప్పడానికి మొహమాటపడే విషయం. 'బాబాయ్, చిన్న సంతకమే, ఫార్మాలిటీ' అని అడక్కండి. అది ఫార్మాలిటీ కాదు. గ్రీన్ కార్డ్ తీసుకునే మనిషి సిటిజన్ అయ్యేదాకానో, 40 క్వార్టర్ల పని, అంటే సుమారు పదేళ్లు, లెక్కకి వచ్చేదాకానో, గ్రీన్ కార్డ్ వదులుకుని దేశం విడిచి వెళ్లేదాకానో, లేదా ఆ మనిషో బాబాయో చనిపోయేదాకానో ఆయన బాధ్యత ఉంటుంది. విడాకులైనా అది పోదు. కొన్ని ప్రభుత్వ సహాయాలు వాడుకుంటే ఆ ఖర్చు ఆయన్ని కట్టమని అడగవచ్చు. ఇవన్నీ ముందే చెప్పి అడగండి. ఆయన కుదరదంటే బాధపడకండి, అది ఆయన హక్కు. ఒప్పుకుంటే ఆయన ఐ-864, టాక్స్ కాగితాలు, సిటిజన్‌షిప్ లేదా గ్రీన్ కార్డ్ రుజువు, మూడూ కావాలి.

[బల్ల మీద కాగితాలు పేరుస్తూ]

ప్యాకెట్‌లో అన్నిటికన్నా పైన ఆ ఒరిజినల్ ఉత్తరమే ఉండాలి. దాని కింద ఒక పేజీ కవరింగ్ లెటర్: మీరు ఫలానాది అడిగారు, ఇదిగో జత చేశాం, ఫలానా పేజీలో ఉంది. తర్వాత ఐ-864, సంతకం ఉందో లేదో ఇంకోసారి చూసుకుని. సంతకం మర్చిపోవడం జోక్ కాదు, జరుగుతుంది. ఉత్తరంలో ఉన్న అడ్రసుకే పంపాలి, మొదట అప్లికేషన్ పంపిన అడ్రసుకి కాదు. ట్రాకింగ్ ఉన్న కొరియర్ వాడండి, మొత్తం స్కాన్ చేసి దాచుకోండి. ఆన్‌లైన్ అకౌంట్‌లో అప్‌లోడ్ చేసే వీలుంటే అది ఇంకా మంచిది.

ఇండియా నుంచి కాన్సులేట్ ద్వారా వస్తున్నవాళ్లకి ఇదే సమస్య 221(జి) చీటీ రూపంలో ఎదురవుతుంది. అక్కడ కాగితాలు ఇవ్వడానికి ఏడాది సమయం ఉంటుంది. అయినా ఆలస్యం చేస్తే టాక్స్ సంవత్సరం మారిపోయి మళ్లీ కొత్త రిటర్న్ అడుగుతారు.

నేను లాయర్‌ని కాదు. పిటిషనర్ రిటర్నులే ఫైల్ చేయకపోవడం, పాత స్పాన్సర్‌షిప్‌లు రెండు మూడు ఉండటం లాంటివి ఉంటే లాయర్ దగ్గరికి వెళ్లండి. మేం పంపింది పదకొండు పేజీలు. ఆల్బమ్ మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయింది, ఇంటర్వ్యూ రోజున బయటికి తీశాం.