విండోస్ మార్చాక లాప్‌టాప్ మొరాయిస్తే

శ్రోతలందరికీ నమస్కారం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేసింది. ఆ గడువు కోసం హడావుడిగా విండోస్ 11కి మారినవాళ్లు చాలామందే ఉన్నారు. మారిన మర్నాటి నుంచీ ఒకటే గోల: "నిన్నటిదాకా బాగానే ఉంది, ఇప్పుడు నత్తనడక నడుస్తోంది." షాపుకి తీసుకెళ్తే అక్కడ వినిపించే మాట కూడా దాదాపు ఒక్కటే, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అని. అంత తొందర వద్దంటాను. లాప్‌టాప్ నెమ్మదించిందంటే లోపల ఏదో ఒక భాగం కోసం మిగతావన్నీ కాచుకుని కూర్చున్నాయని అర్థం. ఆ భాగం ఏదో తెలుసుకోకుండా ఫార్మాట్ చేస్తే ఫొటోలు పోతాయి, టైపు చేసుకున్న ఫైళ్లు పోతాయి, వారం తిరిగేసరికి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ముందుగా ఒకటి రెండు రోజులు ఓపిక పట్టండి. కొత్త విండోస్ ఎక్కగానే తెర వెనక చాలా పని నడుస్తుంది. ఫైళ్లన్నిటికీ వెతుకులాట కోసం సూచిక తయారవుతుంది, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ అన్నీ తనిఖీ చేస్తుంది, మిగిలిపోయిన అప్‌డేట్లు, లోపలి భాగాలని నడిపించే డ్రైవర్లు దిగుతాయి. ఛార్జరు పెట్టి, నిద్రలోకి జారుకోకుండా సెట్టింగు మార్చి, ఒక రాత్రి దాన్ని దాని మానాన వదిలేయండి. పొద్దున్నే 'రీస్టార్ట్' కొట్టండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ స్థితిని డిస్కులో దాచుకుని, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. రోజూ ఆపేస్తూనే ఉన్నా టాస్క్ మేనేజర్‌లో 'అప్ టైమ్' వారం, పది రోజులని కనిపించేది ఇందుకే. రీస్టార్ట్ చేస్తేనే అంతా కొత్తగా మొదలవుతుంది.

అప్పటికీ మొరాయిస్తుంటే టాస్క్ మేనేజర్ తెరవండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్, మూడు మీటలూ కలిపి నొక్కితే చాలు. అందులో 'పెర్ఫార్మెన్స్' అనే చోట సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ వరసగా ఉంటాయి. ఏది వంద శాతానికి దగ్గరగా అంటుకుపోయి ఉందో చూడండి. పాత లాప్‌టాప్‌ల్లో చాలాసార్లు అది డిస్కే. 'డిస్క్ 0' పక్కన హెచ్‌డీడీ అని ఉందా, ఎస్‌ఎస్‌డీ అని ఉందా? హెచ్‌డీడీ అంటే పాతకాలం హార్డ్ డిస్కు, అదే ఉంటే దొంగ దొరికినట్టే అనుకోవచ్చు.

ఇక్కడ కాస్త ఆగుదాం. హార్డ్ డిస్కులో గ్రామఫోన్ రికార్డులా ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది, పైన చదివే ముల్లు అటూ ఇటూ కదులుతుంది. లాప్‌టాప్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరిగేవి. అంటే సెకనుకి 90 చుట్లు. కావలసిన ముక్క ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే ఐదున్నర మిల్లీసెకన్లు. ముల్లు సరైన చోటికి జరగడానికి ఇంకో పది పన్నెండు. ఈ లెక్కన చిన్న చిన్న ముక్కలు చెల్లాచెదురుగా ఉంటే సెకనుకి వంద కూడా చదవలేదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు గనక వేలల్లో చదివేస్తుంది. ఇప్పుడు తెర మీద ఈ వింత చూడండి: డిస్కు 100 శాతం బిజీ అంటుంది, చదివే వేగం మాత్రం సెకనుకి ఒకటి రెండు మెగాబైట్లే! పక్కనే 'యావరేజ్ రెస్పాన్స్ టైమ్' వందల మిల్లీసెకన్లలో ఉంటుంది. పాపం ముల్లు పరుగులు పెడుతూనే ఉంది, చేతికొచ్చేది మాత్రం పిడికెడు. కొత్త విండోస్ వెనక నడిపే పనులన్నీ ఇలాంటి చిల్లర అడగడాలే కాబట్టి, పాత డిస్కు చతికిలపడుతుంది.

దీనికి సాఫ్ట్‌వేర్ చిట్కాలు పెద్దగా పనిచేయవు. డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించడమే మార్గం. పాత డిస్కు లాంటి కనెక్షనే ఉండే రెండున్నర అంగుళాల 'సాటా' ఎస్‌ఎస్‌డీ సాధారణంగా పాత డిస్కు చోటులోనే కూర్చుంటుంది. ఉన్న విండోస్‌నీ ఫైళ్లనీ ఉన్నవున్నట్టు కాపీ చేసి ఇవ్వమని అడగొచ్చు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల ఇది నిత్యం చేసే పనే. నాలుగు షాపుల్లో ధర కనుక్కోండి. ఒక జాగ్రత్త: పాత డిస్కు టిక్ టిక్‌మంటున్నా, ఫైళ్లు తెరవడానికి మొండికేస్తున్నా, మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు బ్యాకప్ తీసుకోండి. విండోస్ మార్పిడి డిస్కు మీద భారీ పని. అంతవరకూ బయటపడని బలహీనత అప్పుడే బయటపడుతుంది, నింద మాత్రం విండోస్ మీద పడుతుంది.

మెమరీ నిండిపోతుంటే సంగతి ఇంకోలా ఉంటుంది. విండోస్ 11కి 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ లెక్క. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచేవాళ్లకి అది చాలదు, 8 ఉండాలి. మెమరీ సరిపోనప్పుడు విండోస్ కొంత సరుకుని డిస్కు మీదికి తోస్తుంది, ఆ డిస్కు హెచ్‌డీడీ అయితే గోరుచుట్టు మీద రోకటిపోటు. కొన్ని సన్నని లాప్‌టాప్‌ల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు. అదనపు ర్యామ్ కొనేముందే మీ మోడల్ చూసుకోవాలి. ఇక 'స్టార్టప్ యాప్స్'లో అక్కర్లేనివి ఆపేయండి, రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసేయండి. అంతే.

డిస్కు బాగుంది, మెమరీ బాగుంది, అయినా తెర మీది విండోని పక్కకి లాగితే ముక్కలు ముక్కలుగా కదులుతోందా? వీడియో ఆగి ఆగి వస్తోందా? వెలుతురు తగ్గించే మీట పనిచేయడం లేదా? డివైస్ మేనేజర్‌లో 'డిస్‌ప్లే అడాప్టర్స్' తెరవండి. అక్కడ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కలేదన్నమాట. లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో తయారీదారు సొంత సైటులోంచే డ్రైవర్ తెచ్చుకోండి. 'ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ', 'పీసీ స్పీడ్ బూస్టర్' అని ఊరించే వాటి జోలికి పోవద్దు. నేనైతే వాటిని నా లాప్‌టాప్ గడప తొక్కనివ్వను.

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వేగం ఒక గిగాహెర్ట్జ్‌కి కిందే అంటుకుపోయి కదలకపోతే రెండు అనుమానాలు. ఒకటి వేడి: పరుపు మీద పెట్టి వాడటం, ఫ్యాను దగ్గర దుమ్ము, పైగా మన మే నెల ఎండలు. రెండోది ఛార్జరు. కొన్ని లాప్‌టాప్‌లు తమది కాని ఛార్జర్‌ని గుర్తించకపోతే వేగం తామే తగ్గించేసుకుంటాయి. అసలు ఛార్జరు పెట్టి ఒకసారి చూడండి.

విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసరూ, భద్రత కోసం పెట్టే టీపీఎం 2.0 చిప్పూ కావాలి. లేకున్నా దొడ్డిదారిన ఎక్కించినవాళ్లున్నారు. వాళ్లకి సరైన డ్రైవర్లు దొరక్కపోవచ్చు. అప్‌గ్రేడ్ చేసుకుని పది రోజులు దాటకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో 'గో బ్యాక్' ఉంటుంది, పాత విండోస్‌కి వెళ్లిపోవచ్చు. కానీ స్థలం కోసమని, పాత విండోస్ దాచి ఉంచే 'విండోస్ డాట్ ఓల్డ్' ఫోల్డరు తీసేసి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. వెనక్కి వెళ్లేవాళ్లు ఇళ్లల్లో వాడేవాళ్ల కోసం పెట్టిన అదనపు భద్రతా అప్‌డేట్లకి నమోదు చేసుకోవాలి. వాటికి మొదట ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13. లేదంటే విండోస్ బదులు వాడుకునే లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ఉచితం, పాత యంత్రాల మీద బాగా నడుస్తుంది, తెలుగు టైపింగూ వస్తుంది. ఆఫీసు పనికి విండోస్ సాఫ్ట్‌వేరే కావాలనేవాళ్లకి మాత్రం కుదరదు.

చివరగా, షాపులో ఇచ్చే ముందు ఒక పని. మీ డిస్కుకి బిట్‌లాకర్ అనే విండోస్ భద్రతా ఏర్పాటుతో తాళం పడి ఉండొచ్చు, విండోస్ అడక్కుండానే వేసి ఉండొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులోకి వెళ్లి 48 అంకెల రికవరీ కీ చూసి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం లాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి.

నమస్కారం.