నడిచిన నేలను ఫోటో తీయడం

సభలోని పెద్దలకు, తోటి ఫోటోగ్రాఫర్లకు, వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఏదైనా ఒక అంశం ఎంచుకుని మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు నేను దారులను ఎంచుకున్నాను. రహదారులు, ఫ్లైఓవర్లు నా విషయం కాదు. పార్కులో చెట్ల కింద సాగే బాట, పొలం గట్టు, కొండ మెట్లు, ఊరి చివరి పుంత, ఇవే ఇరవై ఏళ్లకు పైగా నేను తీస్తున్న ఫోటోలు. ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. దారి అంటే మనుషులూ పశువులూ పదే పదే నడవగా నేల మీద మిగిలిన అరుగుదల. ఆ అరుగుదల కనిపించని ఫోటోలో చెట్లుంటాయి, ఆకాశం ఉంటుంది, దారి మాత్రం ఉండదు. వేళ, ఎత్తు, లెన్సు అంటూ ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ అరుగుదలను చూపించడానికే.

ముందు పేర్ల గురించి కొంచెం చెప్పనివ్వండి. రాయలసీమవారు దోవ అంటారు, తెలంగాణలోనూ ఉత్తరాంధ్రలోనూ తోవ అంటారు. తెలంగాణ పల్లెల్లో బండ్లు పోయేది బండ్లబాట, మనిషి వెనక మనిషిగా మాత్రమే పోగలిగేది పిల్లబాట. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో చేల నడుమ బండ్లూ పశువులూ నడిచే దారి డొంక. మా గోదావరి జిల్లాల్లో అలాంటిదాన్నే పుంత అంటాం, పుంతలో ముసలమ్మ అనే పేరుతో అమ్మవారిని కొలుచుకుంటాం కూడా. దారికి ఒక దేవతను కాపలా పెట్టుకున్న మనుషులకు ఆ దారి ఎంత ముఖ్యమై ఉండాలో ఆలోచించండి. ఫోటో తీసేవారికి ఈ పేర్లు నేరుగా పనికొస్తాయి, ఎందుకంటే ఒక్కో పేరు వెనక ఒక్కో ఆకారం ఉంది. ఏళ్ల తరబడి బండ్లు తిరిగి పల్లమైపోయిన డొంకను అందులోకి దిగి తీస్తేనే రెండు పక్కల కట్టలు మన మీదికి లేచినట్టు కనిపిస్తాయి. గట్టును గట్టు మీద నిలబడి తీస్తే దాని ఎత్తు పోతుంది; పక్క చేలోకి దిగి, దాని మీద నడిచే మనిషి ఆకాశానికి ఆనేటట్టు తీయాలి. పిల్లబాట సన్ననిది కాబట్టి నిలువు ఫ్రేములో బాగా ఒదుగుతుంది.

1967లో రిచర్డ్ లాంగ్ అనే ఆంగ్లేయ కళాకారుడు, లండన్‌లో ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే, ఒక గడ్డి మైదానంలో ఒకే వరస వెంట అటూ ఇటూ నడిచాడు. గడ్డి అణిగి తిన్నని గీత కనిపించేదాకా నడిచి, ఆ గీతను నలుపు తెలుపుల్లో ఫోటో తీశాడు. అందులో మనిషి లేడు, అణిగిన గడ్డి మీద పడిన వెలుతురు మాత్రమే ఉంది. అయినా ఆ ఫోటో చూసిన ప్రతివారికీ అక్కడ ఒకరు నడిచారని తెలుస్తుంది. నా దృష్టిలో దారి ఫోటో చేయవలసిన పని అదే.

ఇప్పుడు వేళ విషయానికి వస్తాను. అరుగుదల అంటే నేల మీద అంగుళమో రెండంగుళాలో ఉండే ఎగుడుదిగుడు. వెలుతురు పక్కనుంచి, తక్కువ ఎత్తునుంచి పడితేనే ఆ ఎగుడుదిగుడుకు నీడ పుడుతుంది. ఏటా మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు కూడా నీడ ఉండదు. ఆ ఘడియలో తీసిన బాట చదునైన మట్టి పట్టీలా ఉంటుంది. అదే డిసెంబరు నెలాఖరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తు దాటడు కాబట్టి రోజంతా ఎంతో కొంత పక్క వెలుతురు దొరుకుతుంది. దారి ఏ దిక్కుగా సాగుతుందో కూడా చూసుకోవాలి. ఉత్తర దక్షిణాలుగా సాగే బాటకు ఉదయం ఎండ అడ్డంగా పడుతుంది, ప్రతి అడుగుజాడా లేచి కనిపిస్తుంది. తూర్పు పడమరలుగా సాగే బాటలో వెలుతురు దారి వెంటే వస్తుంది కాబట్టి, సూర్యుడికి ఎదురుగా నిలబడి గడ్డి అంచులు మెరిసేటట్టు తీసుకోవడం మంచిది.

చెట్ల గొడుగు కింద మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. ఆకుల సందుల్లోంచి పడే ఎండ బాట నిండా తెల్లని మచ్చలు వేస్తుంది, కెమెరా ఆ మచ్చలకూ నీడకూ మధ్య సర్దుకోలేదు. అందుకే తోటల్లో నేను మబ్బు పట్టిన రోజు కోసం, వాన వెలిసిన గంట కోసం ఎదురుచూస్తాను. తడిసిన ఆకుల మీద తెల్లని మెరుపు ఆకు రంగును కప్పేస్తుంది. పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే ఆ మెరుపు పోయి పచ్చదనం తేలుతుంది. అరకులోనో లంబసింగిలోనో పొగమంచులో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి, అంటే కెమెరాలోకి వెళ్లే వెలుతురును రెట్టింపు చేయండి. వెలుతురును కొలిచే కెమెరా మీటరు తెల్లని మంచును చూసి దాన్ని బూడిదరంగుకు దించేస్తుంది.

ఎత్తు గురించి నేను నేర్చుకున్నది మా ఊరి పుంతలోనే. తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే అక్కడికి వెళ్లాను. బండి చక్రాలు కోసిన రెండు గాడుల్లోనూ నీళ్లు నిలిచి ఉన్నాయి, నడుమ వెన్నులా లేచిన మట్టి మీద గరిక మొలిచి ఉంది. నిలబడి చూస్తే అదంతా బురద. గొంతుకు కూర్చుని, కెమెరాను నేలకు జానెడు ఎత్తున పట్టుకుని చూసేసరికి ఆ రెండు గాడులూ రెండు ఆకాశపు ముక్కలయ్యాయి. వాటి మధ్య గరిక చివళ్ల మీద ఒక్కో నీటిబొట్టు, ఆ గరిక మొదట్లో ఎర్రని మఖమల్ గుండీలా ఒక ఆరుద్ర పురుగు. ఎన్ని వేలసార్లు బండి తిరిగితే ఆ గాడి అంత లోతు దిగి ఉంటుందో, ఎద్దు గిట్టలు ఆ వెన్నును ఎందుకు తొక్కకుండా వదిలాయో నాకు ఆ ఎత్తునుంచే అర్థమైంది. గిట్టలు పడేది కూడా చక్రాల వరసలోనే కదా, అందుకే నడుమ గరిక బతికింది. అప్పటినుంచి ఏ దారినైనా మూడు ఎత్తులనుంచి చూడనిదే తీయను: నిలబడి, మోకాలి మీద కూర్చుని, నేలకు ఆనించి.

లెన్సు విషయం త్వరగా ముగిస్తాను. 24 మి.మీ. లెన్సు కాళ్ల దగ్గరి నేలను పెద్దదిగా చూపి దారిని చాలా దూరం సాగదీస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్ము అంత సెన్సారున్న) కెమెరాలో ఈ లెన్సుకు ఎఫ్ 11 (లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసే అంకె) పెట్టి సుమారు 1.8 మీటర్ల దూరాన ఫోకస్ చేస్తే, ఇంచుమించు మీటరు దూరం నుంచి దిగంతం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. 100 మి.మీ. పైబడిన లెన్సు దీనికి విరుద్ధంగా దూరపు వంపులను దగ్గరకు లాగి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది, కొండ ఘాట్లకు అది బాగుంటుంది. ఫోన్‌తో తీసేవారు బెంగపడనక్కరలేదు, దాని ప్రధాన కెమెరా చూపు మేర దాదాపు 24 మి.మీ. లెన్సుదే.

పార్కుల్లో నన్ను ఎక్కువగా ఆపేది తీర్చిదిద్దిన బాట కాదు, అడ్డదారి. ఏ పార్కుకైనా వెళ్లి చూడండి. పలకలు పరిచిన బాట ఒకటి పూలమళ్ల చుట్టూ అందంగా తిరిగి వెళ్తుంటుంది. దాని మూల దగ్గర, పచ్చికపై నడవరాదన్న బోర్డు పక్కనుంచే, గడ్డి చచ్చిన సన్నని గీత ఒకటి గేటు వైపు తిన్నగా పోతుంది. మొదటిది గీసినవారు కాగితం మీద గీశారు, రెండోది పొద్దున బస్సు అందుకోవలసినవాళ్లు కాళ్లతో గీశారు. ఈ రెండూ విడిపోయే చోటు ఫ్రేములో పడేటట్టు తీయండి. ఆ పార్కును ఎవరు ఎలా వాడుకుంటున్నారో అంతకన్నా బాగా చెప్పే ఫోటో నేను చూడలేదు.

తిరుమల నడకదారుల్లో అరుగుదల ఇంకో రూపంలో ఉంటుంది. అలిపిరి నుంచి వెళ్లే దారిలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో సుమారు 2,388 మెట్లు ఉన్నాయి. మొక్కుకున్నవారు మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కుతారు. ఒకరు పెట్టిన బొట్టు మీద మరొకరు పెడుతుంటే ఆ రాయి అసలు రంగే మారిపోతుంది. అక్కడ నేను మెట్ల వరస మొత్తాన్ని ఒక్క ఫ్రేములో పట్టాలని చాలాసార్లు ప్రయత్నించి, చివరికి ఒక్క మెట్టు అంచును తీశాను: తడి పసుపు, దానిలో నాలుగు వేళ్ల గీతలు, పక్కన చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్న ఒక పెద్దావిడ పాదం. ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే తీశాను. ఎవరి భక్తికీ, ఎవరి నడకకూ మన కెమెరా అడ్డు రాకూడదు. మోకాళ్ల మెట్ల దగ్గర మోకాళ్ల మీద ఎక్కుతున్న మనిషికి ఎదురుగా నిలబడి ఫోటో తీయడం నాకు మనస్కరించదు. అటవీ శాఖవారి పార్కుల్లో కెమెరాకు వేరే అనుమతి గానీ రుసుము గానీ ఉందేమో ముందే గేటు దగ్గర అడగండి. లోపల బాట వదిలి అడవిలోకి అడుగు పెట్టకండి, ఎందుకంటే ఒక ఫోటోగ్రాఫరు తొక్కిన చోటు మరుసటి ఆదివారానికి పదిమందికి దారవుతుంది.

దారిని సర్దడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1855లో క్రిమియా యుద్ధభూమికి వెళ్లిన బ్రిటిష్ ఫోటోగ్రాఫరు రోజర్ ఫెంటన్ ఒక లోయలోని దారిని ఒకే చోటునుంచి రెండుసార్లు తీశాడు. ఒక ఫోటోలో ఫిరంగి గుండ్లు దారి నిండా పడి ఉన్నాయి; రెండోదానిలో దారి ఖాళీగా ఉంది, గుండ్లు పక్క పల్లంలోనే ఉన్నాయి. ఎవరైనా ఆ గుండ్లను దారి మీదికి చేర్చారా అన్న చర్చ నూట యాభై ఏళ్లు దాటినా ఆ ఫోటోలను వెంటాడుతూనే ఉంది. మొదటి రోజుల్లో నేనూ బాట మీద మోదుగుపూలు చల్లి తీశాను. ఆ ఫోటోలు అందంగానే వచ్చాయి గానీ, వాటిని చూసినప్పుడల్లా నాకు నా చెయ్యే కనిపిస్తుంది. అందుకని ఇప్పుడు ప్లాస్టిక్ సంచి పడి ఉంటే దానితోనే తీస్తాను, తీశాక సంచిని ఏరి జేబులో పెట్టుకుంటాను.

నేను చెప్పిన ఆ పుంత ఇప్పుడు లేదు. దాని మీద సిమెంటు రోడ్డు పడింది. వానాకాలంలో బడికి వెళ్లే పిల్లలకు, పురిటికి వెళ్లే ఆడవాళ్లకు ఆ రోడ్డు ఎంత మేలో నాకు తెలుసు, దాన్ని నేను తప్పు పట్టను. నా బాధల్లా దాని ఫోటోలు నా దగ్గర నాలుగే ఉండటం, అంతకు ముందు తరాలవారు దాన్ని కావాలని తీసినవి అసలే లేకపోవడం. మా ఇంటి ఆల్బమ్‌లో బారసాలలున్నాయి, పెళ్లిళ్లున్నాయి, షష్టిపూర్తి ఉంది. ఆ వేడుకలన్నిటికీ చుట్టాలు నడిచి వచ్చిన దారి లేదు. మీ ఊళ్లో రెవెన్యూ నక్షాలో డొంక పోరంబోకు (దారిగా వదిలిన ప్రభుత్వ భూమి) అని రాసి ఉన్న స్థలాలు ఇప్పుడెలా ఉన్నాయో ఒకసారి వెళ్లి చూడండి. ఫోటో తీశాక దాని పేరు, ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో, ఏ తేదీన ఏ దిక్కుకు తిరిగి తీశారో రాసి పెట్టుకోండి. వీలైతే ఏటా అదే నెలలో అదే చోట నిలబడి మళ్లీ తీయండి.

ఇప్పుడు దీపాలు కొంచెం తగ్గిస్తే నేను తెచ్చినవి చూపిస్తాను. మొదటిది నేను తీసినది కాదు, మా మేనమామ పెళ్లికి పట్నం నుంచి వచ్చిన స్టూడియో ఫోటోగ్రాఫరు తీసినది. అందరూ బండి మీద కూర్చున్న పెళ్లికొడుకును చూస్తారు. మీరు ఎడమవైపు కింది మూల చూడండి, చక్రం వెనక. అదే మా పుంత.