రాత తర్వాతైనా వస్తుంది, ముందు జిల్లా నేర్చుకోండి

(నెల్లూరులో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ కోర్సులో కొత్తగా చేరిన విద్యార్థుల కోసం ఏర్పాటు చేసిన సభలో ఒక సీనియర్ డెస్క్ జర్నలిస్టు చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపకులకు, వెనక వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం. పిల్లలూ, మీకు నా శుభాకాంక్షలు.

ఇందాక కాఫీ దగ్గర ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచారు. "బీఈడీ చెయ్యమ్మా అంటే వినకుండా మా అమ్మాయి ఇందులో చేరింది సార్. పేపర్లో రాసేదానికి యూనివర్సిటీ చదువెందుకు? మా మండలంలో విలేకరి ఇంటర్ తప్పినాయనే గదా!" అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆ ప్రశ్న తీసిపారేసేది కాదు. జవాబు అక్కడ చెప్పలేదు, ఇక్కడ చెప్తాను.

ప్రకాశం పంతులు గారు 1921లో మద్రాసులో 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. వినోదరాయునిపాలెంలో పుట్టిన మనిషి, ఉన్న ఆస్తంతా కరగదీసి నడిపారు. ఆయన దగ్గర జర్నలిజం పట్టా లేదు. చీరాలలో పుట్టిన కోటంరాజు రామారావు గారు 1938లో లక్నోలో 'నేషనల్ హెరాల్డ్'కు తొలి సంపాదకులయ్యారు. లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయం జర్నలిజం శాఖ తెరిచిందే 1941లో. అంటే ఆ తరం వాళ్లకు ఈ కోర్సు అవసరం పడలేదు, దొరకనూ లేదు. కానీ ఒకటి గమనించండి. ప్రకాశం గారు బారిస్టరు. చట్టం, కోర్టు, మునిసిపాలిటీ ఎట్టా నడుస్తాయో లోపలి నుంచి తెలిసినాయన. పట్టా లేకపోయినా విషయం ఉంది. ఇవాళ మనకు దీనికి తిరగబడిన ఇబ్బంది వచ్చి పడింది: పట్టా ఉంటుంది, విషయం ఉండదు.

నేను చాలా ఏళ్లు డెస్కులో కూర్చున్నాను. మండలాల నుంచి వచ్చే వార్తలు దిద్దడమే పని. భాష బాగా లేక పక్కన పడేసిన వార్తలు తక్కువే, భాష మేం దిద్దుకుంటాం. విషయం అర్థం చేసుకోకుండా రాసిన వార్తను మాత్రం ఎవరూ దిద్దలేరు. ఇంట్రో, అంటే వార్త మొదటి పేరా రాయడం, హెడ్డింగ్ పెట్టడం, పేజీ కట్టడం ఏ ఆఫీసులో చేరినా ఆరు నెలల్లో వచ్చేస్తాయి. అక్కడ మీకెవరూ ఇవ్వనిది తీరిక. సాయంత్రం ఆరింటికల్లా వార్త పడాలి, తొమ్మిదికి పేజీ వెళ్లిపోవాలి. ఆ పరుగులో కూర్చుని ఒక సంగతి అడుగుదాకా నేర్చుకునే వీలుండదు. ఆ వీలు ఇక్కడుంది, ఈ నాలుగు సెమిస్టర్లలో. అందుకే వచ్చారనుకోండి.

నేర్చుకోవడమంటే ఎట్టాగో ధాన్యం కాటా దగ్గర చూపిస్తాను.

కోతలప్పుడు కలెక్టరేట్ నుంచి ప్రెస్ నోట్ వస్తుంది. 2024-25లో ఏ గ్రేడ్ ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. నోట్‌లో అదే ఉంటుంది. కానీ మన కల్లాల్లో క్వింటాలు మాట ఎవరెత్తుతారు? ఇక్కడంతా పుట్టి లెక్క. నెల్లూరు పుట్టి అంటే 850 కేజీలు. గుణిస్తే 19,720 రూపాయలు. రైతుకు కావలసిన అంకె ఇదీ. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. కథంతా తూకంలో ఉంటుంది. తేమ 17 శాతం దాటిందనో, తాలు ఎక్కువుందనో చెప్పి కొనేవాడు పుట్టికి 900 కేజీలు తూకం వేయించుకున్నాడనుకోండి. డబ్బు మాత్రం 19,720 చేతిలో పెట్టాడు. చీటీ చూస్తే అంతా సక్రమంగానే ఉంటుంది. ఆ డబ్బును తొమ్మిది క్వింటాళ్లకు భాగించండి. క్వింటాలుకు 2,191 పడింది. మద్దతు ధర కంటే 129 తక్కువ. పది పుట్లు అమ్మిన రైతుకు ఐదు క్వింటాళ్లు ఊరకే పోయాయి, 11,600 రూపాయలు.

మన వార్త ఎట్టా వస్తుంది? 'మద్దతు ధర దక్కక అన్నదాత ఆవేదన' అని ఒక హెడ్డింగ్. కింద అధికారి వివరణ: మద్దతు ధరకే కొంటున్నాం, చీటీలు చూసుకోండి. ఇద్దరి మాటా వేశాం కాబట్టి న్యాయం చేశామనుకుంటాం. చదివినవాడికి ఎవరు చెప్పింది నిజమో తెలిసిందా? కాటా పక్కన ఒక పూట నిలబడి, చీటీలో లేని ఆ 50 కేజీలను కళ్లారా చూసి, కాగితం మీద భాగహారం చేసినవాడు ఉంటే తెలిసేది.

నీళ్ల వార్తలూ అంతే. సోమశిల జలాశయం నిండితే 78 టీఎంసీలు, కండలేరు జలాశయం 68. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజంతా ఆగకుండా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ ఒక్క అంకె బుర్రలో ఉంటే చాలు. "సోమశిలకు 30 వేల క్యూసెక్కుల వరద, రాత్రికి రాత్రి పది టీఎంసీలు" అని వాట్సాప్‌లో రాగానే పట్టుకోవచ్చు. 30 వేల క్యూసెక్కులకు రోజు మొత్తం మీద రెండున్నర టీఎంసీలకు కొంచెం పైన, అంతే. సాగునీటి సలహా మండలి సమావేశం, మనం ఐఏబీ అంటాం, అక్కడ ఇన్ని లక్షల ఎకరాలకు నీళ్లిస్తామని ప్రకటిస్తారు. తాగునీటికి ఎంత పక్కన పెట్టారు, తెలుగుగంగ ఒప్పందం కింద తమిళనాడు సరిహద్దుకు చేర్చాల్సిన 12 టీఎంసీలు లెక్కలో ఉన్నాయా అని అక్కడ అడిగే విలేకరి ఉంటే సమావేశం తీరే మారిపోతుంది. ఒకరిద్దరు అడిగేవాళ్లున్నారు. వాళ్లు కుర్చీలో కూర్చోగానే ఇంజినీర్లు ఫైలు దగ్గరికి లాక్కోవడం నేను చూశాను.

అంకెలతో ఇంకో తిరకాసుంది. 1970 ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తాలూకాలు విడదీసి ఒంగోలు జిల్లా చేశారు, అదే తర్వాత ప్రకాశం అయింది. కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి అంతకుముందు నెల్లూరువే. 2022 ఏప్రిల్ 4న మళ్లీ గీతలు మారాయి. కందుకూరు నెల్లూరుకు వచ్చింది. గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయాయి. ఇప్పుడు ఎవరైనా 2021 లెక్కను 2023 లెక్క పక్కన పెట్టి 'నెల్లూరు జిల్లాలో భారీగా పడిపోయిన రొయ్యల సాగు' అని రాశారనుకోండి. గుంటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి నాయనా, జిల్లా పేరే మారింది! జిల్లా గణాంకాలు చూసేటప్పుడు మండలాల జాబితా పక్కన పెట్టుకోండి. గీతలు ఇంకా కదులుతాయి.

సిద్ధాంతాల గురించి కూడా చెప్పాలి, లేకపోతే మీ అధ్యాపకులకు కోపమొస్తుంది. మీ సిలబస్‌లో ఎజెండా సెట్టింగ్ అనే పాఠం ఉంది. అమెరికాలో చాపెల్ హిల్ అనే ఊళ్లో 1968 ఎన్నికలప్పుడు మెక్‌కూంబ్స్, షా అనే ఇద్దరు ఆచార్యులు ఓటర్లను పలకరించారు. పత్రికలు, టీవీ దేనికి పెద్దపీట వేస్తున్నాయో జనం కూడా దాన్నే పెద్ద సమస్య అనుకుంటున్నారని తేల్చి 1972లో అచ్చేశారు. బాగా చదవండి, అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాసేవాళ్లకు తప్పనిసరిగా పనికొస్తుంది. చదివాక అదే ప్రశ్న పట్టుకుని కలిగిరి బస్సెక్కండి.

కలిగిరి మండలం దూబగుంట. అక్షరాస్యత ఉద్యమం జరుగుతున్న రోజులు. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు సారా మీద రాసిన పాఠం చదివారు, చర్చించుకున్నారు, ఊళ్లో సారా అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అట్టా లోకానికి తెలిసింది. 1992కల్లా జిల్లాలో సారా వేలం పాటలు జరగడమే కష్టమైంది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు, అది వేరే కథ. ఈ కాలమంతా తెలుగు దినపత్రికలు, అందులో ఈనాడు మరీ ఎక్కువగా, ఉద్యమానికి పేజీలకు పేజీలు ఇచ్చాయి.

ఇప్పుడు చెప్పండి. పత్రిక జనానికి ఎజెండా ఇచ్చిందా, దూబగుంట ఆడవాళ్లు పత్రికకు ఇచ్చారా? ఊళ్లో అంగడి మూసిన రోజేది, జిల్లా పేజీలో మొదటి సింగిల్ కాలమ్ వార్త వచ్చిన రోజేది, మెయిన్ పేజీకి ఎక్కిందెప్పుడు, ప్రభుత్వం నోరు విప్పిందెప్పుడు? ఈ నాలుగు తేదీలు పాత ఫైళ్లలోంచి తవ్వి పక్కపక్కన పెడితే అదొక డిసర్టేషన్, అంటే కోర్సు చివర మీరు రాయాల్సిన పరిశోధన వ్యాసం. ఇంకో మెలిక కూడా ఉంది. ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు, అంటే ఏ జిల్లాకా జిల్లా వార్తలతో వచ్చే చిన్న సైజు పేపర్లు, మొదలైంది 1989లో. అప్పటిదాకా పల్లెటూరి వార్తకు పేపర్లో చోటే తక్కువ. టాబ్లాయిడ్ లేకపోయుంటే దూబగుంట కబురు కలిగిరి సెంటర్ దాటేదా? నన్నడిగితే ఆడవాళ్లే ముందు, పత్రిక వెనక. కానీ నా అభిప్రాయానికి మీ వైవాలో, అదే మౌఖిక పరీక్షలో, ఒక్క మార్కు రాదు, తేదీలు చూపించండి. నెల్లూరు నుంచే స్వాతంత్ర్యానికి ముందు కాలం నుంచీ వస్తున్న 'జమీన్ రైతు' వారపత్రిక ఉంది. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలు చాలావాటిని స్కాన్ చేయించి పెట్టింది. చాపెల్ హిల్ గురించి ప్రపంచమంతా రాసింది. దూబగుంట గురించి మీరు రాయకపోతే ఎవరు రాస్తారు?

తీరిక అన్నాను కదా, దానికి అసలైన ఉపయోగం సమాచార హక్కు చట్టం. 2005 నుంచి ఉంది. దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, దానికి ఇంకో 30 నుంచి 45 రోజులు. రోజూ పేజీ నింపాల్సిన విలేకరి అంతకాలం ఎక్కడ ఆగుతాడు? మీరు ఆగగలరు. ఖర్చు కూడా పెద్దగా లేదు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది. కనిగిరి వైపు నుంచి వచ్చిన పిల్లలు ఉన్నారని విన్నాను. చేతులెత్తండి... ముగ్గురున్నారు, మంచిది. మీ ఊరి బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో గ్రామీణ నీటి సరఫరా విభాగాన్ని అడగండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే నీళ్లు లేనిచోట ఒకటిన్నర వరకు సర్దుకోవచ్చు అని ప్రమాణం. గత మూడేళ్ల పరీక్ష రిపోర్టుల నకళ్లు కావాలని రాయండి. ఏ బోరు, ఏ తేదీ, ఎంత వచ్చింది, ఆ తర్వాత తీసుకున్న చర్యల కాగితాలు. "ఎందుకు పట్టించుకోలేదు?" అని రాశారంటే జవాబు రాదు. ఆ చట్టం కింద రికార్డుల్లో ఉన్నది ఇస్తారు, సంజాయిషీలు ఇవ్వరు. 'ఫ్లోరైడ్ భూతం' అనే హెడ్డింగ్ నేను చదువుకునే రోజుల నుంచీ చూస్తున్నాను. ఏ బోరులో ఎంతో చెప్పిన వార్తలు మాత్రం అరుదు.

చట్టాల పేపర్ బోరు కొడుతుందని పై క్లాసు పిల్లలు మీకు చెప్పే ఉంటారు. ఒక్కటి చెప్తాను, మిగతాది అక్కడ చదవండి. చిన్నపిల్లల మీద లైంగిక నేరం జరిగినప్పుడు పోక్సో చట్టం సెక్షన్ 23 ప్రకారం ఆ బిడ్డను గుర్తుపట్టేలా ఏదీ రాయకూడదు. పేరు, ఫొటో, చిరునామా, తల్లిదండ్రుల వివరాలు, బడి, ఉండే వీధి ఏదీ. "పేరు మార్చి రాశాం సార్" అంటారు మనవాళ్లు. ఐదొందల గడపల ఊరి పేరేసి, ఫలానా బడిలో ఎనిమిదో తరగతి అని రాసి, తండ్రి ఆటో నడుపుతాడని కూడా చేర్చాక పేరు మార్చి ఏం లాభం? ఆ బిడ్డ తెల్లారి బడికి పోవాలి. ఇప్పుడు మైకుకు స్టిక్కర్ అంటిస్తే చానల్ అయిపోతోంది. ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి లైవ్ ఇస్తున్నారు. వాళ్లకు చెప్పేవాళ్లు లేకపోయారు. మీకు చెప్పాం, ఇక తెలియదనడానికి వీల్లేదు.

జీతాల సంగతి దాటేస్తే తల్లిదండ్రులు నన్ను గేటు దగ్గర పట్టుకుంటారు. మండలం నుంచి వార్తలు పంపే విలేకరికి, కంట్రిబ్యూటర్ అంటాం, చాలాచోట్ల జీతమంటూ ఉండదు. లైన్ అకౌంట్ అని అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే చిన్న మొత్తం. అది చాలదని యాడ్ల కమీషన్. ఆగస్టు 15కు ఇంత, సంక్రాంతికి ఇంత అని టార్గెట్. నిన్న ఎవరి దగ్గర యాడ్ తెచ్చుకున్నాడో ఇవాళ ఆయన మీద వార్త ఎట్టా రాస్తాడు చెప్పండి? మన జిల్లా పేజీల్లో కొన్ని పేర్లు ఎప్పుడూ చెడ్డగా కనపడకపోవడానికి కారణం సగం ఇదే. డెస్కులో, డిజిటల్‌లో కొంత నయం. డీపీఆర్వో, అంటే జిల్లా పౌరసంబంధాల అధికారి ఆఫీసులు, రేడియో, నెట్ పాసైతే అధ్యాపక వృత్తి ఉన్నాయి. అన్నీ కలిపినా సీట్లు తక్కువే, అబద్ధమాడను. కానీ రొయ్య గురించి సీడ్, అంటే రొయ్యపిల్ల దగ్గర నుంచి ఎగుమతి కంటైనర్ దాకా తెలిసినవాడు, పొగాకు వేలం ఎట్టా జరుగుతుందో ఒంగోలు ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసినవాడు, చీమకుర్తి గ్రానైట్ లీజు కాగితం చదవగలిగినవాడు ఖాళీగా ఉండటం నేను చూడలేదు. పత్రిక కాకపోతే ఇంకొకరు పిలుస్తారు. రాత ఒక్కటే వచ్చినవాడికి ఆ భరోసా లేదు, అందులోనూ ఇప్పుడు ప్రెస్ నోట్‌ను వార్తగా మార్చే పని కంప్యూటరే చేసిపెడుతోంది.

డిసర్టేషన్ టాపిక్ చివరి సెమిస్టర్లలో గానీ ఇవ్వరని చెప్పారు. అప్పటిదాకా ఆగొద్దు. ఈ వారంలోనే ఒక విషయం పట్టుకోండి, మీ ఊరిదైతే మరీ మంచిది. ఒక సమాచార హక్కు దరఖాస్తు రాసి, పోస్టు చేసే ముందు మీ మేడమ్‌కు చూపించండి. ప్రశ్న సరిగా లేకపోతే నెల రోజులు వృథా అవుతాయి. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పూట పంచాయతీ ఆఫీసులో కూర్చుని రిజిస్టర్లు ఏమేం ఉన్నాయో చూసి రండి. ప్రిన్సిపాల్ గారు గడియారం వైపు చూస్తున్నారు. మైకు మీకిస్తున్నాను, అడగండి.