టెన్షన్ అనుకుంటున్నారా? ఒకసారి థైరాయిడ్ చూపించండి

శ్రోతలకు నమస్కారం.

మే నెలలో తిరుపతిలో చెమట పట్టనిదెవరికి చెప్పండి? థైరాయిడ్ ఎక్కువయ్యే జబ్బును మన ఊళ్ళో చాలామంది ఎండ మీదికి తోసేసేది అందుకే. కానీ మార్గశిర మాసం చలిలోనూ ఇంట్లో ఒక్కరే ఫ్యాన్ వేయమంటుంటే కాస్త ఆలోచించాలి. మూడు పూటలా బాగానే తింటారు, మళ్ళీ ఆకలంటారు, అయినా చేతి గాజులు జారిపోతుంటాయి. షుగరేమోనని పరీక్ష చేయిస్తే మామూలుగానే ఉంటుంది. ఇక అందరూ టెన్షన్ అని తేల్చేస్తారు. థైరాయిడ్ అంటే ఒళ్ళు వచ్చే జబ్బనే మనకు తెలుసు. గొంతు ముందుండే ఆ గ్రంథి మరీ ఎక్కువగా పనిచేస్తే మనిషి చిక్కిపోతాడు.

టెన్షన్‌లోనూ గుండెదడ, చెమట, నిద్రలేమి ఉంటాయి. మరి తేడా ఎలా తెలుస్తుంది? అరచేయి పట్టుకు చూడండి. టెన్షన్‌లో సాధారణంగా చల్లగా చెమటపడుతుంది, థైరాయిడ్ ఎక్కువైతే వెచ్చగా తడిగా ఉంటుంది. టెన్షన్ పడే మనిషికి నిద్రపడితే నాడి నెమ్మదిస్తుంది. థైరాయిడ్ ఎక్కువైతే నిద్రలోనూ పరుగే. ఊరికే కూర్చున్నా నిమిషానికి 100 దాటుతుంటే డాక్టరుకు చూపించాలి. చేతులు చాచి వేళ్ళు విడదీస్తే సన్నగా వణుకుతాయి.

తొడల్లో సత్తువ తగ్గడం ఎక్కువమంది పట్టించుకోని లక్షణం. ఏటా అలిపిరి మెట్లు ఎక్కే మనిషికి ఈసారి గాలిగోపురం దాకా వెళ్ళడమే గగనమవుతుంది. నేల మీద కూర్చుంటే చెయ్యి ఊనకుండా లేవలేరు. విరేచనం ఎక్కువసార్లు అవుతుంది, ఆడవాళ్ళకు నెలసరి తగ్గుతుంది. కొందరికి గొంతు ముందు వాపు, కళ్ళు ముందుకు పొడుచుకురావడం కూడా ఉంటాయి. కళ్ళ ఇబ్బంది ఉన్నవాళ్ళు సిగరెట్ మానాల్సిందే, అది జబ్బును ముదరబెడుతుంది.

పెద్దవాళ్ళలో ఇవేవీ కనిపించకపోవచ్చు. నీరసం, బరువు తగ్గడం, తాళం తప్పిన గుండె, అంతే. "వయసు కదా" అని వదిలేస్తారు. వదలకండి.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను పనిచేయమని పురమాయించే హార్మోన్, బాగా తగ్గి, థైరాయిడ్ హార్మోన్లైన టీ4, టీ3 పెరిగితే ఒంట్లో థైరాయిడ్ ఎక్కువైనట్టే లెక్క. టీఎస్‌హెచ్ తక్కువని చూసి థైరాయిడ్ తక్కువని పొరబడకండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పండి. ల్యాబ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. థైరాయిడ్ తక్కువైనవాళ్ళు వేసుకునే థైరాక్సిన్ మాత్ర మోతాదు మించినా ఇవే లక్షణాలొస్తాయి, కానీ సొంతంగా మానేయకండి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో హార్మోన్ల జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది. గుండెదడతోపాటు తీవ్ర జ్వరం, మాట తడబాటు, ఆయాసం కలిసి వస్తే ఓపీ కోసం తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

నమస్కారం.